పదకొండు ఆదివారాలు, పన్నెండు చుక్కలు

మా ఇంట్లో దెయ్యాల కథలు చెప్పుకోనిచ్చేవారు కాదు. మా తాతగారు మిషన్ బడిలో ఉపదేశిగా పనిచేశారు. చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా అంటే లేఖనం తెరిచి చూపించి నోరు మూయించేవారు. నేనూ అలాగే పెరిగాను. పన్నెండేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు అదే చెబుతున్నాను. సోదె చెప్పేవాళ్లు ఎదురైతే ఈ రోజుకీ రోడ్డు దాటి అవతలకి పోతాను. కాబట్టి ఇది చదివి నన్ను అలాంటివి నమ్మే మనిషిగా లెక్కగట్టకండి.

భయపడి రాస్తున్నానని కూడా అనుకోవద్దు. కోపంతో రాస్తున్నాను. ఏడాదైంది, ఆ కోపం తగ్గలేదు.

నేను ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. అంకెల్ని విశ్లేషించడానికీ, గ్రాఫులు గీయడానికీ ఆర్ అనే కంప్యూటర్ భాష ఒకటుంది. నా పనంతా దానిలోనే. దాని సంగతి ఒక్కటి తెలిస్తే చాలు, మిగతాది అర్థమవుతుంది. అంకె ఉన్నచోట అది చుక్క పెడుతుంది. అంకె లేని చోట పెట్టదు. పైగా ఎన్ని వరుసలు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టి, వాటిని వదిలేశానని కింద ఒక హెచ్చరిక వేస్తుంది. సొంతంగా ఏదీ కల్పించదు. మనుషులకంటే దాన్ని నేను ఎక్కువ నమ్మడానికి కారణం అదే.

పెదపాడు అవతల, కొల్లేటి వైపు మా అమ్మ పుట్టిన ఊరుంది. పేరు రాయను, మావాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊరికి తాగునీళ్లు మంచినీళ్ల చెరువు నుంచే. వేసవిలో కాలువలు కట్టేసేలోగా ఆ చెరువు నింపుకోవాలి. నింపుకోకపోతే, కాలువలు మళ్లీ వదిలేదాకా ఊరంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడాలి. పంట కాలువ నుంచి ఒక బోదె, అంటే పిల్లకాలువ, ద్వారా నీళ్లు చెరువులోకి చేరతాయి. ఆ బోదె పక్కనే ఉన్న చేపల చెరువుల్లో కొన్నిటిని ఈమధ్య రొయ్యల చెరువులుగా మార్చారు. రొయ్యలకు బోర్లు వేసి ఉప్పునీళ్లు తోడతారు. నీళ్లు మార్చినప్పుడు పాతవి మురుగు కాలువలోకి వదలాలి. అయితే మురుగు కాలువ దూరం, బోదె దగ్గర.

మా సుగుణ పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే చెప్పేది. "పప్పు ఉడకట్లేదే అమ్మాయ్. టీలో పాలు పోస్తే విరిగిపోతున్నాయి. మీ బాబాయికి కాళ్లు వాచిపోతున్నాయి." ఊరివాళ్లు అర్జీ పెట్టారు. బోదె నీళ్లు పరీక్షించే పని అధికారులు ఒక సంస్థకు అప్పగించారు. ఇల్లు బోదె పక్కనే కాబట్టి రీడింగులు తీసే పని పిన్నికి ఇచ్చారు. గ్రాఫులు గీసి నివేదిక రాసేది నేను. బోదె బాగుందని నివేదిక వస్తే అర్జీ కొట్టేస్తారు, చెరువులోకి వచ్చే నీళ్లు అలాగే వస్తాయి, వేసవంతా ఊరు వాటినే తాగుతుంది.

జనవరిలో మొదలుపెట్టాం. పిన్ని పొద్దున్నే బోదెలో స్టీలు గ్లాసు ముంచి, పెన్నులాంటి మీటరు పెట్టి, నీళ్లలో ఎంత లవణం ఉందో చూసి నాకు వాట్సాప్‌లో పంపేది. అంకె ఐదు వందల లోపుంటే మంచినీళ్లు, రెండు వేలు దాటితే తాగకూడదు. మొదటి శనివారం అడిగింది.

"రేపు కూడా చూడాలా అమ్మాయ్?"

"ఆదివారం దేవుడిది పిన్నీ. ఆరు రోజులు చాలు."

ఆ మాట అన్నది నేను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. అలా మా ఫైల్లో ప్రతి ఆదివారం ఖాళీ. పదకొండు వారాలు, పదకొండు ఖాళీలు.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. గ్రాఫు గీశాను. చుక్కలన్నీ నాలుగు వందల దగ్గర బుద్ధిగా వరసలో ఉన్నాయి. పదకొండు వరుసలు వదిలేశానని కింద హెచ్చరిక వచ్చింది. ఉప్పు జాడే లేదు. ఊరంతా అబద్ధమాడుతోందా అని ఒక్క క్షణం నాకే అనిపించింది.

అప్పుడే సంస్థ కోఆర్డినేటర్ గారు ఫోన్ చేశారు. నేను పంపిన బొమ్మ చూశారట.

"ఆదివారాలు తెగినట్టు కనిపిస్తున్నాయండీ మేడమ్ గారూ. శనివారం అంకె కిందికి లాగేయండి, గీత నున్నగా వస్తుంది. సోమవారం ఇచ్చేద్దామండీ."

సరేనన్నాను. ఖాళీని పైఅంకెతో నింపడం ఆర్‌లో ఒక్క వరుస పని. అది రాసేముందు, పక్కపక్కన పెట్టి చూద్దామని పాత గ్రాఫునే ఇంకోసారి గీయించాను. ఒక్క అక్షరం మార్చలేదు.

ఈసారి హెచ్చరిక రాలేదు. నాలుగు వందల గీతకు చాలా పైన, విడిగా, చుక్కలు పడ్డాయి. ఏడు రోజులకొకటి. లెక్కపెట్టాను. పన్నెండు.

నాకు మొదట వచ్చింది చిరాకు. ఏదో తప్పు చేశానని ఫైలు తెరిచాను. ఆదివారాలు ఖాళీగానే ఉన్నాయి. సగటు లెక్కించమన్నాను, ఖాళీల వల్ల లెక్కించలేనంది. అంటే అంకెలు లేవని ఒక పక్క చెబుతూనే ఇంకో పక్క వాటికి చుక్కలు పెడుతోంది. ప్రోగ్రామ్ మూసేసి మళ్లీ తెరిచి గీయించాను. అవే చుక్కలు.

కంప్యూటర్లు చెప్పే వెంకట్రావు గారు అప్పుడే లోపలికొచ్చారు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చి వెళ్లే మనిషి, పూజాపునస్కారాలున్నవారు, నన్ను ఆటపట్టించడం ఆయనకు సరదా. స్క్రీను చూసి నవ్వారు.

"ఏవండీ శాంతి గారూ, మీ పిన్నిగారి చేత ఆదివారం కూడా డ్యూటీ చేయించారా? పాపం కదండీ మీకు?"

ఫైలు చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని నేను రాసిన ప్రతి వరుసా చదివారు. పాత ఫైలేదో పట్టుకుని ఉంటుందండీ అన్నారు. ఆదివారం అంకెలున్న పాత ఫైలంటూ ఎప్పుడూ లేదు. పైగా పన్నెండో చుక్క గురువారంతో అయిపోయిన మా రీడింగుల తర్వాత, ఇంకా రాని ఆదివారం మీద ఉంది. ఆయనే ఒక కాపీ ప్రింటు తీశారు. తర్వాత మూడోసారి గీయిస్తే చుక్కలు పోయాయి, హెచ్చరిక తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ రాలేదు. ప్రింటు మీద స్కేలు పెట్టి చూశాను. పన్నెండో చుక్క రెండు వేల ఆరు వందలకు కొంచెం పైన ఉంది.

శనివారమంతా ప్రార్థనలో ఉన్నాను. జవాబేదీ వినిపించలేదు. వినిపించిందని చెబితే ఈ కథ చాలామందికి నచ్చేది.

ఆదివారం మొదటి బస్సుకు ఊరు వెళ్లాను. పిన్ని తెల్లచీర కట్టుకుని, చేతిలో కొబ్బరి మట్టతో ఊరేగింపుకు సిద్ధంగా ఉంది. మీటరు తీసుకుని బోదె దగ్గరికి రమ్మన్నాను.

"మట్టల ఆదివారం పూట గుడి మానేసి బోదె గట్టుకా? నీకేమైనా పట్టిందా ఏంటే? ఆదివారం దేవుడిదని నువ్వే కదా చెప్పింది?"

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను. రా పిన్నీ."

గొణుక్కుంటూనే వచ్చింది. తొమ్మిదిన్నరకు మీటరు నాలుగు వందల ఇరవై చూపించింది. ఊళ్లో ఊరేగింపు బయల్దేరింది, మైకులో పాట వినబడుతోంది. ఇంకో ఇరవై నిమిషాలకు నీళ్ల రంగు మారింది. నురగ, కుళ్లు వాసన. పిన్ని గ్లాసు ముంచి మీటరు పెట్టి, చదవకుండా నా చేతికిచ్చింది. రెండు వేల ఆరు వందల ముప్ఫై.

గట్టు వెంట ఎగువకు నడిచాం. ఒక రొయ్యల చెరువు గట్టులో దించిన లావుపాటి గొట్టం మూత తీసి ఉంది. నీళ్లు దబదబా బోదెలో పడుతున్నాయి. ఆ చెరువు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. మా చర్చిలో సంఘ పెద్దగా ఉన్న ఆయనది. ఆ నిమిషంలో ఆయన ఊరేగింపుకు ముందు మట్ట పట్టుకుని నడుస్తున్నాడు. పిన్ని క్వాయరులో పాడుతుంది, ఆయన మొదటి వరసలో కూర్చుంటాడు. పిన్ని గుడిలో ఉన్నంతసేపూ బోదె దగ్గర మీటరు ఉండదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఇన్నాళ్లూ ఆయన ఎదురుగానే నిలబడి పాడానే అమ్మాయ్," అంది పిన్ని.

వెళ్లి మంచినీళ్ల చెరువు తూము తలుపు మేమే దించేసి, ఆ నీళ్లు లోపలికి పోకుండా ఆపాం. ఆరాధన అయ్యాక ఆయన వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు.

"ఏమ్మా శాంతమ్మా, ఆరాధన మానేసి ఇక్కడేం పని?"

"మీరు వదిలిన నీళ్లు చూస్తున్నామండీ."

"వారానికి ఒక పూట వదులుతాం. దానికేమవుద్దమ్మా? బయటేసుకుంటే సంఘం పరువే పోద్ది. ఇంతకీ ఎవరు చెప్పారు నీకు?"

"మీరు తాగి చూడండి," అని పిన్ని గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఆయన తీసుకోలేదు. ఆయనింటికి పదేళ్లుగా టిన్ను నీళ్లొస్తాయి.

నివేదికలో ఆదివారాలు నింపనన్నాను. కోఆర్డినేటర్ గారు ఒక్కరోజు రీడింగు లెక్కలోకి రాదన్నారు. అయితే నా పేరు తీసేయండి అన్నాను. పిన్నీ, వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్లూ వంతులు వేసుకుని ఈస్టరు ఆదివారం కూడా బోదె దగ్గర కూర్చున్నారు. ఆ రోజు గొట్టానికి మూత ఉంది. తర్వాత వారం ఊరి అర్జీ మీద ఏలూరులో విచారణ జరిగింది. అధికారి వచ్చి చూసి గొట్టం తీయించారు. చెడిపోయిన చెరువు తోడించి మళ్లీ నింపడానికి కాలువలో నీళ్లు కొద్దిరోజులే ఉన్నాయి. సగమే నిండింది. ఆ వేసవి మా బాబాయి ట్యాంకరు వరసలో నిలబడ్డాడు.

సంఘంలో ఈ సంగతి పాకింది. చుక్కల సంగతి ఆరాధనలో అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమని పాస్టరు గారు పిలిచారు. దేవుడు కంప్యూటరులో కూడా రాస్తాడని యువకులకు తెలియాలట. చివర్లో మెల్లగా అన్నారు, "గొట్టం సంగతి మాత్రం వద్దమ్మా." గొట్టం లేని సాక్ష్యం నేను చెప్పనండీ అన్నాను. అప్పటినుంచి నన్ను పిలవలేదు. ఇంకొందరు అది దురాత్మ పని అంటున్నారు. పసిపిల్లలు తాగే నీళ్లలో ఉప్పు వదిలినవాడి సంగతి మాట్లాడమంటే మాత్రం, తీర్పు తీర్చకూడదంటారు.

వెంకట్రావు గారు ఇప్పటికీ వీలున్నప్పుడల్లా ఆ ప్రోగ్రామ్‌తో కుస్తీ పడుతున్నారు. ఆ తప్పు ఎలా జరిగిందో తెలిస్తే ముందు నాకే చెప్పమన్నాను. ఒక్క చుక్కే మీటరుతో కలిసింది. మిగతా పదకొండూ నిజమో కాదో తేల్చడానికి ఎవరి దగ్గరా అంకెలు లేవు. రొయ్యల నీళ్లు రోజూ ఒకేలా ఉండవు. ఆ ఆదివారం ఎంత ఉంటుందో చెరువు యజమానికి కూడా ముందు తెలిసే వీలు లేదు.

విచారణ రోజు అధికారి నన్ను అడిగారు, "అన్ని రోజులుండగా ఆదివారమే ఎందుకు వెళ్లారండీ?" చుక్కల సంగతి చెబితే అర్జీ అక్కడే నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే దాచినట్టు. నేను నిలబడి, "మా లెక్కలో ఆదివారాలే ఖాళీగా ఉన్నాయండీ," అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు. అది నిజమే. ఖాళీలన్నీ ఒకే రోజు మీద పడితే ఆ రోజు ఏం జరుగుతోందో వెళ్లి చూడాలని ప్రతి ఏడూ క్లాసులో బోర్డు మీద రాసి చెబుతాను. ఆ పదకొండు ఖాళీలూ నా ముందే ఉన్నాయి, నేను వాటిని నింపబోయాను. అధికారికి నేను చెప్పింది చదువుకున్న మనిషి ఎవరైనా చేయాల్సిన పని. నాకు నేనుగా చేయని పని. నా చేత దాన్ని చేయించినది ఏమిటో, ఎవరో, నాకు ఇప్పటికీ తెలియదు.