మా బామ్మర్ది పడవకు నేను కట్టిన రేటు

నా హెల్మెట్ల చేపల వాసన ఎందుకొస్తుందని పొద్దుగాల నుంచి అందరూ అడుగుతున్నరు కదా. చాయ్ చెప్పుండ్రి, ముచ్చట నేను చెప్త. విన్నంక నవ్వుతరని తెలుసు. నవ్వుండ్రి. మా ఇంట్లోళ్లు నవ్వంగ మిగిలింది మీకే.

భద్రాచలంల నా సెకండ్‌హ్యాండ్ బండ్ల షాపు మీకెరుకే. బండి మలుపు తిరుగుతుంటెనే సప్పుడు విని రేటు చెప్తనని నాకో పేరుంది. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, నేనే.

మా బామ్మర్ది ప్రభుదాసు దుమ్ముగూడెం కాడ గోదావరిల చేపలు పడ్తడు. ఇన్నేండ్లు కిరాయి పడవే. పడ్డ చేపల్ల సగం పడవ ఓనరుకే పోతుండె. ఈసారి కొత్తనీరు వచ్చేలోపల సొంత పడవ కొనాలని పట్టుబట్టిండు. కొత్తనీటికి చేప ఎదురెక్కుతది. ఆ కొన్ని దినాల సంపాదన మీదనే వాళ్లిల్లు చాలా నెలలు నడుస్తది. చేపల వ్యాపారం చేసే మస్తాన్ భాయ్ దగ్గర పాత నాటు పడవ ఒకటుందట. "బావా, నువ్వొచ్చి రేటు మాట్లాడాలె" అని ఫోన్ చేసిండు.

మాట్లాడాలె అంటే నేను ఆగుతనా? పడవైతేంది, మోపెడైతేంది, సెకండ్‌హ్యాండ్ సెకండ్‌హ్యాండే అని మా ఆవిడకు లెక్చరిచ్చిన. ఆమె "అవ్, అవ్" అనుకుంట లోపలికి పోయింది. ఇస్త్రీ ప్యాంటు, పాలిష్ బూట్లు, కొత్త సెల్‌ఫోను, ఊళ్ల ఇంకెవ్వరూ పెట్టని హెల్మెట్. గట్ల దిగిన రేవుల.

పడవ ఇసుకల బోర్లేసి ఉంది. తారు పూసి నిగనిగ మెరుస్తుంది. ప్రభుదాసు దాని చుట్టూ తిరుగుతుండు, నిమురుతుండు. వాని మొహంల అంత ప్రేమ పెండ్లిచూపులప్పుడు గూడ నేను చూడలే. నాకు మండింది.

"నీ మొహం చూస్తెనే రేటు పెరుగుతది. పోయి చాయ్ హోటల్ల కూసో. పిలిచేదాక రాకు."

"బావా, పడవ నేను గూడ..."

"పో అంటున్న గదా."

పోయిండు. అమ్మెటోనికి గూడ రూల్ చెప్పిన. "మస్తాన్ భాయ్, నేను చెక్ చేసేటప్పుడు మధ్యల మాట్లాడొద్దు. అమ్మెటోళ్ల మాటలు వినుకుంట కూసుంటే నా షాపుకు ఎప్పుడో తాళం పడుతుండె." ఆయన "సరే సారూ" అని మూతికి టవల్ అడ్డం పెట్టుకున్నడు. దుమ్ముకనుకున్న.

ఇగ నా విద్య చూడుండ్రి. బండికి యాక్సిడెంటైతే ఏం చేస్తరు? సొట్టల పుట్టీ కుక్కి, మీద పెయింట్ కొడ్తరు. నేను స్క్రూడ్రైవర్ తోని గీకితే దొంగతనం బయటపడ్తది. పడవ మీద గూడ అదే స్క్రూడ్రైవర్ పెట్టిన. తారు పెచ్చులు పెచ్చులు లేచింది. కింద చూస్తే పలకకూ పలకకూ నడుమ సందు. ఆ సందుల దూది!

దూది కుక్కి పడవ అమ్ముతరా? కొస పట్టి గుంజిన. తాడు లెక్క వచ్చుడే వచ్చుడు. పక్క సందు చూసిన, అండ్ల గూడ దూదే. దాని పక్కది, అది గూడ అంతే. నా జిందగీల గింత పెద్ద మోసం పట్టుకోలే అని నాకు గర్వంతోని చెమటలు పట్టినయ్.

భాయ్ చెప్పింది పన్నెండు వేలు. దూదికి మూడు వేలు కొట్టేసిన. తారుకు రెండు. ఇంజను లేదని ఇంకో మూడు. "న్యాయమైన రేటు నాలుగు వేలు. నీళ్లు గిన వచ్చినయనుకో, అండ్ల సగమే" అని తీర్పు చెప్పిన. భాయ్ బడిపిల్లగాని లెక్క చెయ్యి లేపిండు. ఇంకా అయిపోలే, ట్రయల్ చూడాలె అని ఆపిన.

"సారూ, ఇయ్యాల ట్రయల్ వద్దు" అన్నడు మెల్లగ.

చూసిండ్రా, దొంగకు భయం పుట్టింది. ఇగ ట్రయల్ చెయ్యకుండ నేను కదుల్తనా?

ప్రభుదాసును పిలిచిన. వాడు తెడ్డు తెచ్చుకునేలోపలే హోటల్ల ఉన్నోళ్లు వచ్చి పడవను తిప్పి నీళ్లల్లకు నూకిండ్రు. లోపలి దిక్కు బాగనే ఉంది. కింది దిక్కు నా పనితనం పాపం వానికేం తెలుసు? సంబురంగ తెడ్డు పట్టుకున్నడు. నేను ముందట కాలు మీద కాలేసుకొని కూసున్న.

ఒడ్డు ఇంకా పక్కనే ఉంది, బూట్లు చల్లగైనయ్. ఇంక జరసేపటికి సాక్సులు. "బావా, పడవకు ఏమైంది" అని వాడు అడుగుతనే ఉండు, నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్. హెల్మెట్ తీసి ఆ చేపల వాసన నీళ్లు తోడుడు మొదలుపెట్టిన. తోడింది తోడినట్టే నిండింది. జేబుల ఫోను ఒకసారి మోగి, మళ్ల జన్మల మోగలే. పడవ కిందికి పోతుంటే నేను వాని మెడ పట్టుకొని, నాకు ఈత రాదు, మీ అక్కకు చెప్పు అని ఏడ్సిన.

"బావా, లేసి నిలబడు. కాళ్లు అందుతయ్."

నిలబడ్డ. నీళ్లు నడుముదాకనే. ఒడ్డు మీదున్నోళ్లు చప్పట్లు కొట్టిండ్రు.

అయినా నేను తగ్గుతనా? తడి ప్యాంటు పట్టుకొని ఒడ్డెక్కి, "నీళ్లు వచ్చినయ్, ఇగ రెండు వేలే" అని గట్టిగ చెప్పిన. భాయ్ టవల్ దించిండు. "ఇప్పుడు మాట్లాడొచ్చా సారూ?" అని ఇసుకల కుప్పవడ్డ దూది చూపెట్టిండు. "ఏ నాటు పడవకైనా సందుల దూది కుక్కుడే, మీద తారు పూసుడే. అది లేకుంటే నీళ్లు రాక ఏమొస్తయ్?"

"మరి నీ పడవను గీకుతుంటే చూసుకుంట ఊకున్నవేంది?"

"నా పడవ యాడిది సారూ? మొన్ననే ప్రభుదాసుకు తొమ్మిది వేలకు అమ్మిన. పైసలు గూడ ముట్టినయ్. బామ్మర్ది పడవను బావ గీకుతుంటే మధ్యల నేనెవరిని? నడుము లోతే కదా అని ట్రయల్‌కు గూడ ఊకున్న."

నేను ప్రభుదాసు దిక్కు చూసిన. వాడు నేల చూపులు చూసుకుంట చెప్పిండు. "అక్కనే చెప్పింది బావా. నిన్ను పిలవకుంటే అలుగుతవట. భాయ్ పన్నెండు చెప్తడు, నువ్వు తొమ్మిదికి దించినట్టు చేద్దాం, ఖుషీ అయితవ్ అనుకున్నం."

మూడు వేలు తగ్గించిన ఘనత నాకు రెడీగ ప్యాక్ చేసి పెట్టిండ్రు. నేను అది కాదని పడవను ముంచిన. వాడు మునిగిన పడవ అంచు పట్టుకొని ఒక్కడే ఒడ్డు దిక్కు గుంజబట్టిండు. అప్పుడు నిజంగ సిగ్గేసింది. తిడితే బాగుండు అనిపించింది. కొత్తనీరొచ్చే టైముకు పడవ ఒడ్డు మీదుంటే వాని నోటికాడి కూడు గుంజింది నేనే.

షాపు బంద్ పెట్టిన. తారు, దూది, కూలీ, అన్నీ నా జేబులకెళ్లే. పడవ ఎండినంక నేనే ఇసుకల కూసొని సందుల్ల దూది కుక్కిన. భాయ్ కుర్చీ ఏసుకొని చాయ్ తాగుకుంట చూసేటోడు. నేను నోరు తెరిస్తే చాలు, "సారూ, మధ్యల మాట్లాడొద్దు" అనేటోడు.

తారు ఆరింది. కొత్తనీరు దాని తర్వాతనే వచ్చింది. పడవను నీళ్లల్లకు దించేముందు పాస్టరుగారితోని ప్రార్థన పెట్టించినం. ఆయన కండ్లు మూసుకొని, ఈ పడవను గాలి నుంచి, వరద నుంచి కాపాడమని ప్రార్థించి, "ఇంకేమన్న మనవి ఉందా నాయనా" అని ప్రభుదాసును అడిగిండు.

వాడు కండ్లు తెరవకుండనే, "మా బావ స్క్రూడ్రైవర్ నుంచి గూడ అయ్యగారూ" అన్నడు.

అందరికన్న గట్టిగ ఆమెన్ చెప్పింది మా ఆవిడ. తర్వాత నేనే.