ఎనిమిదో బోల్టు

మొన్న గురువారం మా చిన్నాయన కన్నుమూశాడు. తర్లుపాడులో, తన ఇంట్లో, తన మంచం మీద. తవుడు నుంచి నూనె తీసే మిల్లులో, గుప్పున అంటుకునే సాల్వెంటు ఆవిరి మధ్య ముప్పై ఏళ్లు కరెంటు పని చేసిన మనిషి. అందుకే ఆ మంచం సంగతి ముందు చెబుతున్నాను.

ఆయన నాకు రక్తసంబంధి కాదు. మిల్లులో చేరిన రోజు నేను ‘సార్’ అంటే, “సార్లు ఆఫీసులో ఉంటారు. చిన్నాయనా అను” అన్నాడు. వరస అట్లా కుదిరిపోయింది.

ఆ కొత్తలోనే ఒక స్విచ్చు డబ్బాకు వైరు పోయే రంధ్రం ఖాళీగా కనిపించింది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పిల్లను, పలక ముక్కకు కరువా? గుండ్రంగా అరగదీసి, ఎం-సీల్ పెట్టి మూసేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

“ఏందమ్మా ఇది?”

“పలక మండదు గదా చిన్నాయనా!”

“మండదు. పగలదా?”

కరెంటు తీయించి, స్క్రూడ్రైవరు పిడితో ఒక్కటిచ్చాడు. ముక్క లోపల పడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

డబ్బా మీద అచ్చొత్తిన అక్షరాలు చూపించాడు. అది ఏ గ్యాసు దగ్గర పనికొస్తుందో, పైన ఎంతవరకు వేడెక్కుతుందో అన్నీ అక్కడే ఉంటాయి. “ముందు ఈ ‘డి’ చూడు. గ్యాసు లోపలికి పోదని కాదు దానర్థం, పోతాది. లోపల పేలినా మంట బయటికి రాకుండా పట్టుకుంటాది. ఒక్క బోల్టు తక్కువైనా ఇది ఉత్త ఇనప డబ్బా.”

మర్నాడు చెక్క చట్రమున్న నిండు పలక తెచ్చి స్విచ్చుల గదిలో తగిలించాడు. “పలకకు పని ఇదీ!” ఏ డబ్బా విప్పినా అది ఏ మోటరుదో పలక మీద రాయాలి, మూతకున్న ఎనిమిది బోల్టులూ బిగించాకే చెరపాలి. పేరున్నంతసేపు ఆ మోటరు తిరగదు. మేనేజరు అరిస్తే, “నా మీద ఎందుకు సార్, పలక చూడండి” అనేవాడు.

టీ తాగేముందు ప్రతి డబ్బా చుట్టూ వేలు తిప్పి బోల్టులు లెక్కపెట్టేవాడు. చర్చిలో కూడా ఆ వేలు బెంచీ మేకుల మీద తిరిగేదని చిన్నమ్మ నవ్వేది.

సమాధి దగ్గర నుంచి నేరుగా మిల్లుకు వెళ్లాను. పలక మీద ఆయన బలపం రాత: ‘మూడో మోటరు. ఒక బోల్టు రావాల.’

“ఏడు బోల్టులున్నాయి గదమ్మా. ఆయనా లేడాయె. మోటరు వెయ్యి” అన్నాడు మేనేజరు.

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. “ఆయన లేడు సార్. పలకుంది” అని స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. ఒంగోలు నుంచి బోల్టు రావడానికి రెండు రోజులు పట్టింది. మోటరు తిరగలేదు, నేనూ తగ్గలేదు.

ఎనిమిదోది బిగించాను. ఆ రాత ఉంచుకోవాలని ఎంతగానో అనిపించింది. కానీ పని అయ్యాక చెరపకపోతే ఆయనే ఊరుకోడు. తడిగుడ్డతో తుడిచి, మోటరు వేశాను.

పలక ఆరేసరికి ఆయన అక్షరాలు సన్నగా, తెల్లగా మళ్లీ తేలాయి.