జలుబు చేసిన సన్నాయి

మా నాయన ఆత్మకూరులో మైక్‌సెట్టు అద్దెకిస్తాడు. పెళ్ళి అయినా, ఎన్నికలైనా ఆయనకి తేడా లేదు. రెండింట్లోనూ అరిచేది బాక్సులే. ఆయన మిక్సర్ మీద ప్రతి గుబ్బ పక్కనా అమ్మ గోళ్ళరంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఉంటుంది. గుబ్బ ఆ చుక్క దగ్గరే ఉండాలి. పెళ్ళి ఆగిపోయినా తట్టుకుంటాడు గానీ, చుక్క తప్పితే తట్టుకోలేడు.

పాత సీడీ ప్లేయర్ మొరాయించడంతో సీడీలన్నీ నేను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. దాన్ని మొదటిసారి ఉదయగిరిలో ఒక పెళ్ళికి తీసుకెళ్ళాం. పెళ్ళికొడుకు పీటల మీదకి రాగానే సన్నాయి పెట్టాను. నాయన తల పక్కకి వంచాడు.

"ఏందిరా, సన్నాయికి జలుబు చేసినట్టుండాది?"

నాకు బాగానే ఉంది. పెళ్ళివారిని అడిగాడు. వాళ్ళ ధ్యాస బంతి భోజనం మీద ఉంది కాబట్టి వాళ్ళకీ బాగానే ఉంది. తిరుగుదారిలో వ్యాన్‌ ఆత్మకూరు దగ్గరపడ్డాక నాయన తేల్చేశాడు.

"అందరికీ బాగుండి నాకొక్కడికే బాగలేదంటే, పోయింది నా చెవే. ఈ పెళ్ళిళ్ళు అయిపోతే సెట్టు అమ్మేస్తా."

"చెవుల డాక్టరు దగ్గరికి పోదాం నాయనా."

"పోయి? ఆయన చెప్పేది నాకు వినపడొద్దా?"

ఇంట్లో సంగతి విని అమ్మ, "నేను బియ్యం తెమ్మన్న రోజే పోయినాయి. ఈయనకి ఇప్పుడు తెలిసింది" అంది.

చెవులు పోయిన మనిషి జలుబు ఎలా పసిగట్టాడు? నన్ను తొలిచింది అదే. ఫైలు మంచిదే. మరి ఫైలుకీ బాక్సుకీ మధ్య ఏం జరుగుతోంది?

వెతుకుతూ పోతే తేలిందేమంటే, కంప్యూటర్‌లో పాట కూడా సంగం ఆనకట్ట నుంచి పొలానికొచ్చే నీళ్ళలాంటిదే. దారిలో ప్రతివాడూ ఒక తూము తిప్పుతాడు. ప్లేయర్‌లో ఒక వాల్యూమ్, కంప్యూటర్‌లో ఇంకో వాల్యూమ్. అన్ని శబ్దాలనూ ఒకచోట కలిపి, తనకి నచ్చిన లెక్కలోకి మార్చి పంపే పెద్దమనిషి ఒకడు. వీళ్ళు చాలరన్నట్టు, 'శబ్దాన్ని మెరుగుపరచు' అన్న గడిలో ఎవరూ అడక్కుండానే ఒక టిక్కు. మా నాయన చుక్కలు పెట్టుకున్న గుబ్బలు బయటివి. ఇవి లోపలివి, వీటికి చుక్క పెట్టే దిక్కు లేదు.

టిక్కు తీసేశాను. వాల్యూమ్‌లు నిండుగా పెట్టాను. ఆ పెద్దమనిషిని పక్కకి తప్పించి, పాట నేరుగా బయటికి పోయేట్టు చేశాను. ఇప్పుడు నిజంగా ఏమీ మారకుండా వస్తోందా? అది చెవితో తేల్చేది కాదు. చెవి మీదే కదా కేసు. కంప్యూటర్‌కి పాటంటే అంకెలే. అందుకని బయటికొచ్చే ఆ అంకెల్ని అంకెలుగానే, సభలు రికార్డు చేసే మా పెట్టెలోకి పట్టాను. అసలు ఫైలును తలకిందులు చేసి, అంటే ప్లస్సుల్ని మైనస్సులు, మైనస్సుల్ని ప్లస్సులు చేసి, దాంతో కలిపాను. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఏ కాస్త తేడా ఉన్నా అదొక్కటే మిగిలి వినపడుతుంది. అన్నీ కాసేపు పాతలాగే పెట్టి, ఆ పాటను కూడా అలాగే పట్టి కలిపి, పక్కన పెట్టుకున్నాను.

సంబరంగా నాయన చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, బాగు చేశాక మిగిలిన తేడాని ముందు పెట్టాను.

ఆయన విన్నాడు. ఇంకా విన్నాడు. ముఖం వాడిపోయింది.

"ఏమీ వినపళ్ళేదు అబ్బయా."

"అదే నాయనా! ఏమీ వినపడకపోతేనే గెలిచినట్టు!"

చెవుడు వచ్చిందని దిగులు పడుతున్న మనిషితో అనాల్సిన మాట కాదని అన్నాక తట్టింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి అమ్మకిచ్చాడు. అమ్మ పెట్టుకుంది.

"ఏముంది ఇందులో? గమ్మునుండాది. ఇంట్లో ఇంత ప్రశాంతం ఎప్పుడూ లేదు, ఇంకాసేపు ఉంచు."

నాయన ఆవిణ్ణి అనుమానంగా చూశాడు. ఎంతైనా భార్య కదా, జాలిపడి అబద్ధమాడిందేమోనని. నేను గబగబా రెండోది, పాత పద్ధతిలో పట్టిన పాట తేడా, పెట్టాను. ముందు నేను విన్నాను. ఏమీ లేదు. నా లెక్కే తప్పా? ఏమైతే అయిందని నాయనకిచ్చాను.

ఆయన తల పక్కకి వంగింది.

"ఇదేరా! సన్నాయి మూలుగుతుండాది లోపల. ఈ జలుబే నేను చెప్పినానే!"

వాల్యూమ్ బాగా పెంచి మళ్ళీ విన్నాను. నిజమే, దూరంగా ముక్కుతో ఏడుస్తున్నట్టు ఒక సన్నాయి.

"మరి నీకు వినపళ్ళేదా?" అన్నాడు నాయన.

"ముందు వినపళ్ళేదు."

"డాక్టరు దగ్గరికి పోదాంలే" అన్నాడు, నా వీపు తట్టి.

ఇక సెట్టు అమ్మే మాట లేదు. బాగు చేసిన ల్యాప్‌టాప్‌ను మిక్సర్‌కి తగిలించి, బాక్సుల్లో సన్నాయి పెట్టాను. ఫైలులో ఎలా ఉందో అలాగే, ఒక్క అంకె కూడా మారకుండా మిక్సర్ దాకా వచ్చింది. నాయన కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత లేచి, నేను సున్నాలో పెట్టిన ట్రెబుల్ గుబ్బని, సన్నాయి పదునెక్కేలా, మళ్ళీ ఎర్ర చుక్క దాకా తిప్పాడు.

"ఇట్టా చప్పగా ఉంటే పెళ్ళిలో ఎవురు వింటార్రా?"