సొరుగులో పండిన టమాటా

నోలా థార్ప్ నడిపే స్కూలు బస్సులో ముందు అద్దం కింద ఎవరూ ఏమీ పెట్టకూడదు. చలికాలం ముగిసే ఆగస్టు నుంచి అక్టోబరు దాటేదాకా ఆ చోటు టమాటా నారుది. ఖాళీ పెరుగు డబ్బాల్లో మొలకలు వరసగా కూర్చుని పొద్దున్నే పిల్లలతో పాటు హ్యువాన్‌విల్ వెళతాయి, సాయంత్రం తిరిగొస్తాయి. పగలంతా నోలా స్కూలు పక్కన బస్సును ఉత్తరపు ఎండకి ఎదురుగా నిలిపి, కిటికీలన్నీ బిగించి, తను మాత్రం బయట చలిగాలిలో నిలబడి టీ తాగుతుంది. బస్సు ఆఫీసు వాళ్లు రెండుసార్లు వద్దని చెప్పారు. "మొక్కలకి కూడా టికెట్టు కొట్టమంటారా?" అని అడిగింది. మూడోసారి ఎవరూ చెప్పలేదు.

ఇంత తంటా ఎందుకంటే ఆమె ఉండేది టిప్పర్స్ క్రీక్‌లో. భూమికి దక్షిణపు కొసనున్న టాస్మేనియాలో ఎండ ఉత్తరం నుంచి పడుతుంది, క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది. అక్టోబరు చివర హోబర్ట్‌లో పశువుల ప్రదర్శన జరిగే సెలవు రోజున అక్కడ సగం మంది టమాటా నాటుతారు. టిప్పర్స్ క్రీక్‌లో ఆ రోజు నాటినవాడు మర్నాడు నెత్తి బాదుకుంటాడు. ఇక్కడ కొండమీద మంచు కరిగి, మళ్లీ పడి, మళ్లీ కరిగాకే పార పట్టాలి. పట్టినా, స్కూలు వదిలే వేళకే ఎండ కొండ వెనక్కి జారుకుంటుంది.

అయినా సరే, క్రిస్మస్‌లోపు ఎర్రటి టమాటా పండించి తీరాలన్నది ఊరి పంతం. ఎవరిది ముందు పండితే వాళ్లు దాన్ని ఊనా కొట్టుకి పట్టుకెళ్లాలి. ఊనా వాళ్ల పేరు వాకిట్లో ఉన్న నల్లబోర్డు మీద సుద్దతో రాస్తుంది. మళ్లీ క్రిస్మస్ వచ్చేదాకా ఆ పేరు అక్కడే ఉంటుంది. తర్వాత పండును పల్చగా కోసి, వెన్న రాసిన రొట్టె ముక్కల మీద వేసి, ఉప్పూ మిరియాలూ చల్లి, ఆ వేళకి కొట్లో ఉన్న అందరికీ పెడుతుంది. ఓడినవాళ్లు కూడా తినాలి. తినకపోతే కుళ్లుబోతు అంటారు.

ఏళ్ల తరబడి ఆ బోర్డు నెవిల్ గ్రబ్ సొంత ఆస్తి. నెవిల్‌కి నది ఒడ్డున మొక్కలు పెంచే గాజిల్లుంది, అందులో కిరసనాయిలు పొయ్యి ఉంది, ఆ పొయ్యి పక్కన కూర్చోవడానికి కావలసినంత తీరిక ఉంది. నోలా పేరు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "పాపం, బస్సులో ఊరేగించి పెంచినా ఆవిడకి పండి చావవు" అనేవాళ్లు. నోలా విని ఊరుకునేది. నిజానికి కొన్నేళ్లు అందరికంటే ముందు ఆమె పండే ఎర్రబడేది. ఆమె దాన్ని కొట్టుకి తీసుకెళ్లేది కాదు, అంతే.

తీసుకెళ్లకపోవడానికి కారణం చనిపోయిన వాళ్లమ్మ మేవిస్. ఆ టమాటా మేవిస్‌ది. పూర్వం ఎగువన డ్యాము కట్టడానికి వచ్చిన పోలండ్ మనిషొకాయన, ఆవిడ పెట్టిన వేడివేడి సూపుకి బదులుగా, కోటు అంచులో కుట్టి తెచ్చుకున్న గింజలు ఇచ్చాడు. పండు వంకరటింకరగా, మడతలు మడతలుగా ఉంటుంది. అందం చందం లేదు గానీ చలికి జంకదు. మేవిస్ రెండు కట్టుబాట్లు పెట్టింది. మొదట పండిన పండు విత్తనానికే, దాన్నెవరూ తినకూడదు. ఆ విత్తనం ఇంటి గడప దాటకూడదు. కుర్రతనంలో నెవిల్ ఒకసారి టోపీ చేత్తో పట్టుకుని వచ్చి గింజలు అడిగితే, మేవిస్ కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఉత్త చేతులతో పంపింది. ఆ టీ రుచి నెవిల్ ఇప్పటికీ మరిచిపోలేదు.

నోలా తమ్ముడు క్లారీ కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. రంపపు మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్నాడు. బంగారంలాంటి మనిషి, చెప్పిన పని గుర్తుండదు, అదొక్కటే లోపం. అక్క పేరు బోర్డుమీద చూడాలని అతని కోరిక.

"ఒక్కసారి పట్టుకెళదాం అక్కా. షెడ్డులో డబ్బా నిండా పాత గింజలున్నాయిగా. ఆ నెవిల్ గాడి మొహం ఒక్కసారి చూడాలి నాకు."

"అమ్మ వద్దంది."

"అమ్మ చాలా అంది. నన్ను పాదిరీ అవమని కూడా అంది. అయ్యానా?"

నోలా నవ్వేసేది. పండు మాత్రం కదిలేది కాదు.

ఆ ఏడు విత్తనాలు నానబెడదామని షెడ్డులో డబ్బా దించి మూత తీస్తే, లోపల పొట్టూ ఎలుక పెంటికలూ తప్ప ఏమీ లేవు. అడుగున మడతలో ఇరుక్కున్న నాలుగైదు గింజలు వేస్తే ఒక్కటే మొలిచింది. నోలా ఈ సంగతి క్లారీకి కూడా చెప్పలేదు. ఊళ్లో ఎవరికీ ఇవ్వకుండా దాచిన గింజల్ని తీసుకెళ్లి ఎలుకకి పెట్టానని ఏ మొహంతో చెబుతుంది? ఆ ఒక్క మొక్కనే బస్సులో తిప్పి, ఇంటి ఇటుక పొగగొట్టం పక్కన నాటి, రోజూ సాయంత్రం దుప్పటి కప్పి, దానిమీద ఇనుప వల వేసేది. అమ్మని చూసుకున్నట్టే చూసుకుంది, ఇంకాస్త ఎక్కువే అనాలి.

డిసెంబరులో ఒక సాయంత్రం దుప్పటి కప్పే వంతు క్లారీది. రేడియోలో క్రికెట్ రసపట్టులో ఉంది. ఇంకేం, మరిచిపోయాడు. తెల్లారేసరికి పోసమ్, రాత్రిళ్లు చెట్లు దిగి తోటలు మేసే పిల్లంత జంతువు, వచ్చి ఆకులూ పిందెలూ అన్నీ శుభ్రంగా భోంచేసి పోయింది. మొండి కాడ మిగిలింది. దాని అడుగున, పిట్టలు పొడవకుండా నోలా పాత మేజోడు తొడిగిన కాయ ఒక్కటి మిగిలింది. అదీ పచ్చిది, అడుగున మాత్రం కాస్త పాలిపోయినట్టుంది.

క్లారీ తిట్ల కోసం తల వంచుకు నిలబడ్డాడు. నోలా కాయని కోసి లోపలికి పట్టుకుపోయింది. అక్క తిట్టి ఉంటేనే అతనికి నయంగా ఉండేది.

పచ్చి కాయ పండడానికి ఎండ అక్కర్లేదు, వెచ్చదనం చాలు. నోలా తన స్వెటర్ల సొరుగు ఖాళీ చేసి, ఊలు శాలువాలో కాయని పడుకోబెట్టి, పక్కన నిరుడు కోసిన ముడతల ఆపిలు ఒకటి తోడు పెట్టింది. ఆపిలు వాసనకి కాయ పండుతుంది. కుళ్లిపోయినా కుళ్లిపోవచ్చు. పొద్దున్న బస్సెక్కే ముందు సొరుగు లాగి చూసేది, రాగానే కోటు విప్పకుండా మళ్లీ లాగి చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. పచ్చ పోయి పసుపొచ్చింది, పసుపు పోయి నారింజ రంగొచ్చింది. స్కూలు ఆఖరి రోజు పొద్దున్నకి ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది.

"పండిందిరా!" అంది నోలా. చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఇంకాస్త మెత్తబడనీ. సెలవుల్లో తీరిగ్గా చూద్దాం దీని సంగతి."

సంగతంటే గింజలు తీయడమని ఆమె ఉద్దేశం. క్లారీకి వేరే ఉద్దేశం కలిగింది. నెవిల్ కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయని ముందురోజే కొట్లో విన్నాడు. దుప్పటి కప్పని పాపం అతన్ని తినేస్తోంది. బస్సు మలుపు తిరగ్గానే సొరుగు లాగాడు.

సాయంత్రం పిల్లలందరినీ దించి నోలా ఖాళీ బస్సుతో వస్తోంది. ఊనా కొట్టు వాకిట్లో బోర్డుమీద పెద్ద పెద్ద అక్షరాలతో నోలా థార్ప్ అని ఉంది. నిజం చెప్పాలంటే మొదట ఆమె ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత అర్థమైంది. బ్రేకు తొక్కి, బస్సును రోడ్డుకి అడ్డంగా వదిలేసి, లోపలికి పరిగెత్తింది.

"రా మహారాణీ, రా!" అంది ఊనా.

క్లారీ నోటినిండా రొట్టె పెట్టుకుని ఉన్నాడు. "అక్కా! బోర్డు చూశావా? నెవిల్ మొహం చూడు, మొహం!"

నెవిల్ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "సొరుగులో పండింది కూడా ఒక పండేనా? స్వెటర్ల మధ్య పెట్టి పండిస్తే పేరు రాస్తారా? రేపు నేను నా కాయకి ఎర్రరంగు పూసి తెస్తా, రాయండి మరి."

"తీగమీదే పండాలని ఎవరన్నారయ్యా? ఎర్రగా ఉందా లేదా?" అంది ఊనా. "మాటలాపి తిను."

"తినను."

"కుళ్లుబోతు!"

"అనుకోండి."

నోలాకి ఈ రభస ఏదీ వినపడలేదు. "గింజలేవి?" అంది.

"ఏ గింజలు?"

"కోసినప్పుడు కారినవి! బల్లమీదవి!"

ఊనా బిక్కమొహం వేసింది. "తుడిచేశానే. గుడ్డ కూడా జాడించి ఆరేశాను."

"డబ్బాలో ఉన్నాయిగా అక్కా" అన్నాడు క్లారీ.

"డబ్బాలో ఏమీ లేదురా. ఎలుక తినేసింది. ఒక్క గింజ లేదు. అమ్మది అంటూ మిగిలింది ఈ పండొక్కటే."

క్లారీ నమలడం ఆపేశాడు. నోలా బంగాళాదుంపల బస్తామీద కూలబడి ఏడ్చేసింది. వరదొచ్చి బస్సు ఏటి మధ్యలో ఆగిపోయిన రోజున పిల్లల చేత పాటలు పాడించిన మనిషి అలా ఏడుస్తుంటే, ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. "టమాటా గింజ కడుపులో చావదట. రేపు పొద్దున్నదాకా ఆగితే..." అని పాలవాడు ఏదో చెప్పబోయాడు. ఊనా తడిగుడ్డతో వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

అప్పుడు అందరి చూపూ ఒక్కచోటికే పోయింది. నెవిల్ ముందున్న సాసరులో, వెన్న రాసిన రొట్టెమీద, అతను తినకుండా వదిలేసిన ముక్క అలాగే ఉంది. అడ్డంగా కోసిన నిండు ముక్క. గదుల నిండా గింజలు.

నెవిల్ సాసరును మెల్లిగా తన వైపుకి లాక్కున్నాడు. నోలా ఏడుపు ఆపింది.

"మీ అమ్మ నాకు టీ ఇచ్చింది" అన్నాడు.

"తెలుసు."

"గింజలివ్వలేదు."

"అదీ తెలుసు."

"నేను అడిగింది నాలుగంటే నాలుగు." సాసరును ఒక చుట్టు తిప్పాడు. "ఇందులో సగం నాకు."

నోలాకి ఒళ్లు మండింది. విత్తనం గడప దాటకూడదు! నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. గడప దాటనివ్వకపోబట్టే కదా ఇదంతా ఎలుక పాలైంది. ఒక్క ఇంట్లోనైనా నాలుగు గింజలు ఉండి ఉంటే తను ఇవాళ బంగాళాదుంపల బస్తామీద ఎందుకు కూర్చుంటుంది? అమ్మ తప్పు చేసింది. ఆ మాట అనుకోవడం ఆమెకి అదే మొదటిసారి. అనుకున్నాక మనసు తేలికపడింది.

"తీసుకో. కానీ దాన్ని మేవిస్ టమాటా అనే పిలవాలి."

"నేను గ్రబ్ టమాటా అందామనుకున్నానే."

"అని చూడు. బస్సు నీ గాజింటి మీదుగా పోనిస్తా."

ఊనా రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. నోలా చెంచాతో గింజల్ని గుజ్జుతో సహా తీసి పంచింది. నెవిల్ కళ్లజోడు పెట్టుకుని, తన గ్లాసులో తక్కువ పడ్డాయేమోనని పరీక్షగా చూశాడు. తన వంతు ముక్క మిగలకపోయినా, ఉత్త వెన్నరొట్టె మాత్రం తినేశాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు క్లారీ బస్సులో వెనక సీట్లో, శిక్షపడ్డ పిల్లాడిలా కూర్చున్నాడు. నోలా అద్దంలోంచి చూసి అంది, "బోర్డుమీద నా పేరు బాగుందిరా."

మరుసటి ఏడు నారు రెండు చోట్ల పెరిగింది, బస్సులోనూ గాజింట్లోనూ. నోలా మొక్కలు పొగగొట్టం పక్కన బాగానే కాశాయి గానీ ఇంకా పచ్చ దిగలేదు. డిసెంబరులో ఒకరోజు ఆమె బస్సు కొట్టు ముందుకి వచ్చేసరికి బోర్డుమీద నెవిల్ గ్రబ్ అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో మేవిస్ టమాటా అని ఉంది. నెవిల్ రొట్టె ముక్కలున్న సాసరు పట్టుకుని, కోడిపుంజులా ఛాతీ విరుచుకుంటూ బస్సు కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ఓడినవాళ్లు తినాలి" అన్నాడు.

నోలా సాసరు అందుకుంది. ఆమె రెండో చెయ్యి అలవాటుగా చెంచా కోసం వెతుకుతోంది.

"ఏమిటా వెతుకులాట?"

"గింజలు తీసుకుని..."

"ఎందుకు? పోయినేటివి నా దగ్గర సీసాలో ఉన్నాయి. ఊనాకి కొన్ని ఇచ్చాను. పాలవాడికి కూడా ఇచ్చాను, వాడు పెంచలేడనుకో. ఇక నీ ఎలుకలు ఎన్నిళ్లని తిరుగుతాయి? తిను నోలా."

మొదట పండిన పండు తినడం నోలాకి కొత్త. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ తినలేదు. కొరికింది. తీపి, వెనకాలే పులుపు, పళ్లకింద చిటుక్కుమనే గింజలు. తర్వాత పండేవాటి కంటే ఎంత బాగుందో! ఇన్నేళ్లూ ఈ రుచినా తను గింజల కోసం కాగితం మీద ఆరబెట్టింది?

"కిరసనాయిలు వాసనొస్తోంది" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"అబద్ధం!"

"అబద్ధమేలే." ఆమె వేళ్లకంటిన రసం నాకింది. "అమ్మ మొదటి పండు ఒక్కసారి కూడా తినలేదు నెవిల్."

 నెవిల్ సాసరులో మిగిలిన తన ముక్క వైపు ఒకసారి చూసుకుని, దాన్ని ఆమె వైపుకి తోశాడు.

"అయితే ఆవిడ వాటా కూడా నువ్వే తిను."

నోలా అదీ తినేసింది. ఒక్క గింజ కూడా మిగల్చలేదు.