ఆదెప్ప మేష్ట్రు లాగుడు

కన్నడ సీమలోని మా తెలుగు ఊరు తిరుమణిలో, ఆదెప్ప మేష్ట్రు ఇంట్లో ఉండగా ఎవరూ తమంతట తాము గడప దాటి ఎరగరు. వాకిట్లో మనిషి కనబడితే చాలు, రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాగేస్తాడు. మా హైస్కూల్లో ఆయన సైన్సు చెబుతాడు, నేను కన్నడం. ఆయన ఇంటికి వెళ్ళొచ్చిన రోజు మా ఆవిడ అడక్కుండానే సూదీ దారం తీసి, నా చొక్కా గుండీలు కుట్టడానికి కూర్చుంటుంది.

"ఈ లాగుడేందప్పా?" అని అడిగామో, అయిపోయామన్నమాటే.

"ఆకులో క్లోరోప్లాస్టులని పచ్చటి గదులుంటాయప్పా. ఎండను అన్నం చేసేది అవే. ఆడ పనిచేసే ప్రోటీన్లు శానా మటుకు బయటనే తయారవుతాయి. రెండు గోడలు దాటి లోపలికి పోవల్ల. ఊరికే పోతాయా? లోపల్నించి లాగల్ల! ఆ లాగేదానికి ఆకు సొంత సత్తువ ఖర్చు పెడతాది."

తన తమ్ముడు శివన్న పెళ్ళయి కొత్త కోడలు అత్తింట కాలు పెట్టేటప్పుడు, ఆమె బియ్యం సేరు తన్నకముందే లోపలికి లాగేశాడు. ఆ సేరు శివన్నే తన్నుకోవలసి వచ్చింది.

ఆదెప్ప తల్లి అంజనమ్మకు ఈ లాగుడంటే ఒళ్ళు మండేది. ఆ ఇంటికి వచ్చే కూలివాళ్ళు తరతరాలుగా గడప బయటే నిలబడతారు. మాటైనా మజ్జిగైనా అక్కడే.

"కూలోళ్ళను గుడక లాగుతాండావేందిరా?"

"పాఠమమ్మా. నువ్వు ఎవురింటి దానివని ఆకు ప్రోటీన్‌ను అడుగుతాదా?"

ఆ కూలివాళ్ళలో ఒక్క ముత్తక్క మాత్రం ఆయనకు చిక్కేది కాదు. ఊరి బయట సోలార్ ప్యానెళ్ళ కింద గడ్డి కోసే మనిషి, కాళ్ళు చురుకు. "నాకొద్దు సామీ, ఈడనే బాగుండాది" అంటూ రోడ్డెక్కేది.

ఈ ఏడు ముత్తక్క కూతురు రత్న ఎస్సెస్సెల్సీలో, అదే పదో తరగతిలో, తాలూకాకే ఫస్టు వచ్చింది. ఆదెప్ప సంబరం పట్టలేక తన ఇంట్లో అందరికీ ఓళిగలతో, అదే బొబ్బట్లతో, భోజనం పెట్టాడు. తీరా ముందురోజే సోలార్ కంపెనీ మేనేజరు ఆనంద్‌కుమార్‌ను లాగి భుజం బెణికించుకున్నాడు. ఆ మేనేజరు గుమ్మానికి సరిపడా ఉంటాడు.

రత్న లోపలికొచ్చింది. ముత్తక్క గడప ముందే ఆగిపోయింది.

"రా ముత్తక్కా!"

"ఈడనే ఆకేయండి సామీ."

కూతురి పండగకు తల్లి వాకిట్లో తినాలా? ఆదెప్ప లేవబోయి "అబ్బా!" అంటూ కూలబడ్డాడు. రత్న తల దించుకుంది. ఆయన ఇన్నేళ్ళూ నన్నూ, పెళ్ళికూతుర్నీ, మేనేజరునూ ఎందుకు లాగాడో అప్పుడు తెలిసింది నాకు. అందరినీ లాగే ఇంట్లో ముత్తక్కను లాగితే ఎవరికీ వింతగా ఉండదు. నా ఆదెప్ప మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

నేను లేచేలోపే అంజనమ్మ లేచింది. ముసలామె గడప దగ్గరికి పోయి, ముత్తక్క రెండు చేతులూ పట్టి ఒక్క లాగు లాగింది.

"రావే! తాలూకాకే ఫస్టొచ్చిన బిడ్డను కని, కూలిదాని మాదిరి వాకిట్లో నిలబడతావా?"

ఇద్దరూ కలిసి వచ్చి ఓళిగల బుట్ట పక్కన పడ్డారు. ఇల్లంతా ఈలలు, చప్పట్లు. ఆదెప్ప బాగున్న చేత్తో తొడ చరుచుకుంటూ "దాటె! రెండు గోడలూ దాటె!" అని అరిచాడు.

అంజనమ్మ ముత్తక్క పక్కనే ఆకు వేయించుకుని, ఒగరుస్తూ అంది:

"మా ఇద్దరికీ ఇంకో ఓళిగ ఎక్కువెయ్యండప్పా. శానా సత్తువ పోయె."