కుర్రమెదళ్ళకు పెద్దమ్మ వకాల్తా

పెద్దమ్మది ఒకటే పిచ్చి. ఈడొచ్చిన పిల్లలు ఏ వెధవపని చేసినా తప్పంతా మెదడు మీదికి నెట్టేసేది. ఆస్పత్రిలో మెదడు స్కానింగులు తీసే ఉద్యోగం మరి.

"అక్కా, పక్కింటి కుర్రాడు మేడ మీంచి దూకాడట!" అనేది అమ్మ.

"దూకడా? మెదడులో ఉత్సాహం పుట్టించే భాగం తయారైపోయింది. బ్రేకు వేసే భాగం ఇంకా పనిలో ఉంది."

"మరి బావగారు పేపరు కనపడకపోతే ఇల్లు పీకి పందిరేస్తారే?"

"ఆయనది ఎప్పుడో పూర్తయింది. ఇక మార్పులు చేర్పులు ఉండవు."

ఈ మాటలు వింటే ఆ ఇంటి అమ్మాయికి ఒళ్ళు మండేది. ఆమే, తమ్ముడూ కవలలు. పన్నెండు నిండేసరికి ఆమె అమ్మంత ఎత్తయింది. వాడు ఆమె భుజం దాటలేదు. వాడు కంచం విసిరితే "చిన్నవెధవ" అని ముద్దు. ఆమె తలుపు దబాలున వేస్తే "ఇంత ఎదిగావు, బుద్ధి లేదూ?" అని చీవాట్లు. ఇద్దరూ ఒకే రోజు పుట్టారన్న సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు.

"ఎదిగింది ఒళ్ళే," అనేది పెద్దమ్మ. "ఆడపిల్లలకి మామూలుగా కాస్త ముందే మొదలవుతుంది. మొదలైతే పూర్తయినట్టా? మెదడుకి ఇంకో పదేళ్ళు పైనే పడుతుంది."

"పదేళ్ళా!" అమ్మ తల పట్టుకునేది.

ఒకరోజు క్లాసులో లెక్కల మాస్టారు, "నువ్వు వెనక బెంచీకి పో. నిన్ను చూసి మగపిల్లలు పాడైపోతున్నారు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. తమ్ముడు కూడా. ఆమె చేతికందిన డస్టరు తీసి ఆయన మొహాన విసిరికొట్టింది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గదిలో నాన్న, "బడి మానిపించేస్తానండీ" అన్నాడు తల దించుకుని. పెద్దమ్మ పిలవకుండానే వచ్చి కూర్చుంది. అమ్మాయికి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

పెద్దమ్మ సంగతి మాస్టారికీ తెలుసు. "ఇది కూడా మెదడు తప్పేనాండీ?" అన్నాడు వెటకారంగా.

"పన్నెండేళ్ళ మెదడండీ. డస్టరు విసిరినందుకు క్షమాపణ చెబుతుంది. తమరికెన్నేళ్ళు?"

"నలభై ఆరు."

"అయ్యో! తమరిది పూర్తయిపోయిందే! ఇక తమరి తరఫున ఏం చెప్పాలో నాకు తోచట్లేదు."

హెడ్మిస్ట్రెస్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది.

అమ్మాయి క్షమాపణ చెప్పింది. మాస్టారు చెప్పలేదు. చెప్పమని ఆయన్ని ఎవరూ అడగనూ లేదు. చదువు మాత్రం నిలబడింది, ముందు బెంచీలోనే.

బస్సులో ఇంటికొస్తూ అడిగింది: "నిజంగా అంతా మెదడేనా, పెద్దమ్మా?"

"అంతా ఎందుకవుతుందే? నీ కోపంలో ముప్పావు వంతు న్యాయం."

"మరెప్పుడూ అదే పాట పాడతావెందుకు?"

పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "నీ వయసులో నేనూ ఒకడి చెంప పగలగొట్టాను. బరితెగించిందన్నారు. ఏడాదిపాటు బడికి పంపలేదు. 'చిన్నపిల్ల, పోనివ్వండి' అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ముక్కే ఇప్పుడు ఆస్పత్రి కోటు తొడుక్కుని అంటే జనం కాస్త వింటున్నారు."

అమ్మాయి దగ్గరికి జరిగి, "గట్టిగా కొట్టావా?" అంది.

"పన్ను ఊడింది," అంది పెద్దమ్మ, బస్సంతా వినబడేలా.