ముందు మనిషికి జాగ

శుక్రవారం పొద్దున మైలార్‌దేవ్‌పల్లిలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా, మాతో పనిచేసే యాదమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మన సాబ్ పోయిండు. ఛాతీల నొప్పి అన్నడంట. దవాఖానకు తీస్కపోయేలోపే..." ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడ్డాను. బస్సు వచ్చి వెళ్లిపోయింది.

శంషాబాద్ దగ్గర స్విచ్‌లు తయారుచేసే మా షెడ్డులో ఆయన సూపర్‌వైజర్. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. పాలిటెక్నిక్ చదివి అక్కడ చేరిన కొత్తలో, పనిచోటును సర్దుకునే పద్ధతి మీద ఇంగ్లీషు చార్టు ఒకటి అక్కడ పనిచేసే ఆడవాళ్లకు గడగడా చదివి వినిపించాను. సాబ్ నవ్వారు. "బేటీ, గోడకు చెప్పినవ్. ఇగ మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు." అక్కర లేనిది తీసెయ్యాలె, ఉన్నదానికి ఒక జాగ ఉండాలె, చెయ్యి చాపితే దొరకాలె అని చెప్పాను. "గింతేనా? మా వంటింట్ల ఎప్పటినుంచో గిదే గదనే," అంది ఒకామె. అందరికంటే గట్టిగా నవ్వింది సాబే.

నేల మీద పడిన స్క్రూలు ఏరి చొక్కా జేబులో వేసుకునేవారు. ఎవరు పడేశారని ఎన్నడూ అడగలేదు. ఎందుకు పడుతున్నాయని అడిగేవారు.

రోజూ పని మొదలయ్యే ముందు, ఏ పని అనవసరంగా చేస్తున్నామో చెప్పమనేవారు. ఎవరూ నోరు విప్పేవారు కాదు. పని తగ్గితే తమలో ఒకరు ఇంటికి పోవాలని వాళ్ల భయం. "పని తగ్గితే మనిషి తగ్గడు. నా మాట నమ్మండ్రి," అన్నారాయన.

యాదమ్మ నమ్మింది. స్టోరు నుంచి స్ప్రింగుల డబ్బాలు మోసుకొచ్చి బల్లలకు అందించడం ఆమె పని. "సాబ్, స్టోరు నుంచి బల్లల దాక ఒక రేకు జర వాలుగ పెడితే డబ్బలు వాటంతట అవే జారొస్తయ్ గద. నా మోకాళ్లు బతుకుతయ్," అంది. రేకు పెట్టారు. డబ్బాలు జారాయి. అందరం చప్పట్లు కొట్టాం. నెల తిరగకుండా కాంట్రాక్టరు ఆమెను రావద్దన్నాడు. మోసే పని లేదు కదా!

సాబ్ ఆఫీసుకు వెళ్లి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ రేకును విప్పి గోడకు ఆనించారు. యాదమ్మకు చోటు చూపేదాకా పెట్టనన్నారు. ఆ వానాకాలమంతా ఆమె ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసింది. సాబ్ టిఫిన్ డబ్బాలో అన్నం సగం అలాగే మిగిలేది. "నా మాట నమ్మి నోరు తెరిచింది బేటీ," అన్నారొకసారి. చివరికి ప్యాకింగులో ఆమెకు చోటు దొరికింది. అప్పటి నుంచి ఎవరేం చెప్పబోయినా ఆపేవారు. "ఆగుండ్రి. ముందు మనిషికి జాగ. తర్వాత సామానుకు."

ఆ శుక్రవారం మేమంతా మామిడిపల్లిలో ఆయన ఇంటికి వెళ్లినప్పుడు ఆయన భార్య, "మీల యాదమ్మ ఎవరమ్మా?" అని అడిగి, ఆమె చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సోమవారం ఆఫీసు వాళ్లు ఆయన చోటులో నన్ను నిలబెట్టారు. "కొత్త ఆలోచనలు రాబట్టు. మనుషుల సంగతి తర్వాత చూద్దాం," అన్నారు మేనేజర్. తర్వాత అంటే ఎప్పుడని అడిగాను. ఆయన ఫోన్ చూసుకున్నారు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ల ముందు నిలబడి, సాబ్ రోజూ అడిగిన ప్రశ్నే అడిగాను. నమ్మండి అనే మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడే షెడ్డు మీదుగా విమానం వెళ్లింది. ఆ మోత తగ్గేసరికి, ప్యాకింగు బల్ల దగ్గర యాదమ్మ చెయ్యి సగం పైకి లేచి ఉంది. నా ముఖంలోకి చూసింది. ఆ చెయ్యి మెల్లగా భుజం మీదికి పోయి కొంగు సర్దుకుంది.